రివాల్వరుకు బొట్టు

కుర్చీ లోపల వేశారు, కట్టయ్యను బయటే ఉంచారు. గొడవంతా అక్కడే మొదలైంది.

గోపాల్ సేటు బంగారం దుకాణం వరంగల్ చౌరస్తా దాటి కాస్త ముందుకు వెళ్తే ఎడమచేతి వైపు ఉంటుంది. దాని మెట్ల మీద డబల్ బ్యారెల్ తుపాకీ భుజానికి తగిలించుకుని నిలబడే మనిషి కట్టయ్య. మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, సొంత లైసెన్సు మీద తుపాకీ కొనుక్కుని ఆ మెట్టు ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. ఎండా అతనిదే, వానా అతనిదే. మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పుకున్నప్పుడల్లా సేటు, "లోపల కుర్చీ ఏపిస్త కట్టయ్యా, జర ఓపిక పట్టు," అనేవాడు. ఓపిక పట్టడం కట్టయ్యకు మిలిటరీలోనే అలవాటైంది. పట్టాడు. తీరా బతుకమ్మ పండుగ బేరాలు మొదలవుతాయనగా, అద్దం తలుపు లోపల, ఏసీ గాలి సూటిగా తగిలేచోట సేటు మెత్తటి కుర్చీ ఒకటి వేయించాడు. వేయించి, అందులో కొత్తగా చేరిన జయరాజును కూర్చోబెట్టాడు.

జయరాజుది కాజీపేట. అతనూ మిలిటరీ మనిషే, కాని కట్టయ్య కంటే బాగా చిన్నవాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, నడుముకు తోలు ఒర, ఒరలో కొత్త రివాల్వరు. అసలు సంగతంతా ఆ రివాల్వరులో ఉంది. పిడికి పైన, పక్కవాటుగా, చీమ దూరేంత బెజ్జం ఒకటి కనిపిస్తుంది. చిన్న తాళంచెవి అందులో పెట్టి తిప్పితే ట్రిగ్గరు బిగుసుకుపోతుంది. ఇక ఎవడు నొక్కినా పేలదు. మళ్లీ ఆ చెవితో తిప్పితేనే కదులుతుంది. తాళం విడిగా తగిలించక్కర్లేదు, తుపాకీ కడుపులోనే ఉంటుంది.

అతను చేరిన రోజు కౌంటరులో ఉండే శ్రావణి దగ్గర్నుంచి సేటు దాకా అందరూ చుట్టూ మూగి ఆ బెజ్జాన్ని చూశారు. "మోడల్ అంటె గిది! తాళం అండ్లనే ఉన్నది సూడుండ్రి!" అని సేటు తన సొంత సొమ్ములా మురిసిపోయాడు. కట్టయ్య ఆ ముచ్చటంతా అద్దంలోంచి చూశాడు. ఇన్నేళ్లలో అతని తుపాకీని ఒకసారి చూపించమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తల్లుల చెయ్యి పట్టుకుని వచ్చే చిన్నపిల్లలు మాత్రం, "తాతా, ఇది నిజంగ పేలుతదా?" అని అడుగుతుంటారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అన్నారా!

ఆ పూట నుంచి కట్టయ్య కడుపులో నిప్పు రాజుకుంది. జయరాజు కాలు మీద కాలు వేసుకుంటే మండింది. వేసుకోకుండా బుద్ధిగా కూర్చుంటే ఇంకా మండింది. చాయ్ ముందు లోపలికి వెళ్లి తర్వాత బయటికి వస్తుంది గనక అది చల్లారిపోయినట్టే అనిపించేది, నోరు కాలుతున్నా సరే.

దుకాణం వెనక సందులో యాకమ్మ చాయ్ బండి ఉంది. పొద్దున షట్టర్లు లేవకముందు తుపాకీలవాళ్లు అక్కడ చేరతారు. బ్యాంకు గన్‌మన్ ఫ్రాన్సిస్ వస్తాడు. కంకర క్రషర్ నడిపే రాంప్రసాద్ వస్తాడు. అతనికి సొంత రివాల్వరుంది, దాన్ని చూపించడం కంటే దాని గురించి మాట్లాడటం ఇష్టం. కట్టయ్య అక్కడ పెద్దమనిషి. ఇప్పుడు జయరాజు కూడా వచ్చి ఒక మూల గ్లాసు పట్టుకుని నిలబడుతున్నాడు.

"తాళమేసిన తుపాకి, మూతి గట్టిన కుక్క రెండొక్కటే," అని కట్టయ్య ఆ రోజు ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. "దొంగ ఎదురుంగ నిలవడ్తడు. జర ఆగు బాబూ అని నువ్వు జేబుల చెవి దేవులాడుకుంట నిలవడ్తవ్."

"గట్లనకు కట్టయ్యా," అన్నాడు రాంప్రసాద్. "నా దానికి తాళం లేదు. ఇంట్ల మనుమడు పాకుడు మొదలువెట్టిండు. రివాల్వరు బీరువల వెట్టి, బీరువకు తాళమేసి, గా తాళంచెవి ఏడ దాచిన్నో యాద్ మర్సి ఇల్లంత తిరుగుతాన. తాళం దాంట్లనే ఉంటె నాకు గీ ఫికరు లేకపోవు."

ఫ్రాన్సిస్ తల అడ్డంగా ఊపాడు. "మనుమని సంగతి సరే. నేను ఫోన్ల జూసిన. కాలుస్తాంటె వచ్చే ఎదురుదెబ్బకు దానంతల అదే లాకైతదట. ఒక గుండు పోతది, రెండోది పోదు. అండ్ల నిజమెంతో నాకెర్కలేదు గని, తుపాకిల సామాను ఎంత తక్కువుంటె అంత మంచిది. మన మిలిటరీ రైఫిల్‌కు ఏమన్న తాళంచెవి ఉన్నదా? బొటనేలుతోని నూకితె సేఫ్టీ పడె, నూకితె లేశె."

"మిలిటరీల ఇంట్ల లెక్క పిల్లలుండరు గదన్నా," అన్నాడు జయరాజు మెల్లగా. "నేను ఫైరింగ్ రేంజ్‌ల కాల్సి చూసినంకనే తీస్కున్న. నాకైతే ఎన్నడు దానంతల అది లాక్ గాలే. డ్యూటీల తాళం తీసే ఉంటది. ఇంటికి వోయినంక ఏస్త. ఇద్దరాడపిల్లలు, చిన్నోళ్లు. మా అమ్మకు కండ్లు సక్కగ అగుపడయ్. తాళమేసుకుంటె నాకు నిద్ర పడ్తది, గంతే."

"నిద్రవోనీకె తుపాకెందుకు, మంచం కొనుక్కోరాదు?" అన్నాడు కట్టయ్య.

అందరూ నవ్వారు. యాకమ్మ కూడా నవ్వింది. వాళ్లతో పాటు జయరాజూ నవ్వాడు, హాయిగా, ఏమీ అనుకోకుండా. కట్టయ్యకు గెలిచిన సంతోషం అక్కడే ఆవిరైపోయింది. ఎకసెక్కెం చేస్తే కోపం రానివాడితో పోట్లాడేదెలా?

నిజం చెప్పాలంటే ఆ తాళం కట్టయ్యకు ఎంతో నచ్చింది. ఖిలా వరంగల్లో అతని ఇంట్లో తుపాకీ అటక మీద ఉంటుంది, తూటాలు బియ్యం డబ్బా అడుగున ఉంటాయి. బియ్యం కొలిచినప్పుడల్లా చేతికి తూటా తగిలి అతని భార్య సమ్మమ్మ, "నీ తూటాలు పాడుగాను, ఎన్నడో ఎసట్ల వడ్తయ్!" అని తిడుతుంది. అటువంటి తాళం తన తుపాకీకే ఉంటే కట్టయ్య వరంగల్ అంతా తిరిగి చెప్పుకునేవాడు. అది జయరాజు నడుముకు ఉంది గనకే మూతి కట్టిన కుక్క అయింది.

దసరా పొద్దున దుకాణంలో ఆయుధపూజ. ఆ ఒక్క పూట దుకాణం కట్టయ్యది. సేటు భార్యకు అతని హస్తవాసి మీద గురి. అందుకని ప్రతి ఏడూ పూజ ఏర్పాట్లన్నీ అతనే చూస్తాడు. తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, చెప్పులు మెట్ల కింద విడిచి లోపలికి వచ్చాడు. త్రాసులు, పట్టకార్లు, షట్టరు తాళాలు తుడిచి పెద్ద పళ్లెంలో వరసగా పేర్చాడు. గిన్నెలో పసుపూ గంధమూ కలిపి నీళ్లు తగలనిచ్చీ తగలనివ్వనట్టు పోసి, ముద్దగా మెదిపాడు. బొట్టు కారకూడదు, ఎండితే రాలకూడదు. అది అతని లెక్క.

తన తుపాకీని పళ్లెం పక్కన పీట మీద పడుకోబెట్టి తల ఎత్తేసరికి జయరాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాది గూడ వెట్టాల్నా అన్నా?" అని అడిగాడు.

"ఎందుకు వెట్టొద్దు? తే."

జయరాజు రివాల్వరు తీశాడు. గోడవైపు తిరిగి సిలిండరు తెరిచి, తూటాలు దులిపి జేబులో వేసుకున్నాడు. ఖాళీ గదుల్లో ఒక్కొక్కదాన్నీ చూపుడువేలితో తడిమి చూశాడు. తర్వాత చిన్న తాళంచెవి తీసి బెజ్జంలో పెట్టి తిప్పాడు. "పూజకు వచ్చిన పిల్లలు తిరుగుతాండ్రు గదా," అని ఎవరికో సంజాయిషీ చెప్పుకున్నట్టు అని, రివాల్వరును రెండు చేతులతో పళ్లెంలో పెట్టి పక్కకు జరిగాడు.

సేటు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "సూసినవా కట్టయ్యా, జాగ్రతంటె గది! నేర్సుకో," అన్నాడు.

నేర్చుకో! తుపాకీ పట్టుకోవడం జయరాజుకు రాకముందే పట్టుకున్నవాణ్ని, పండుగ పూట, పదిమంది ముందు నేర్చుకోమన్నాడు. కట్టయ్య చెవులు వేడెక్కాయి. గిన్నె ముందుకు లాక్కున్నాడు. త్రాసులకు పెట్టాడు, తాళాలకు పెట్టాడు, తన తుపాకీ కర్ర మీద పెట్టాడు. రివాల్వరు పిడి మీద పెట్టాడు. అక్కడితో అయిపోవాలి. కాని బొటనవేలు గిన్నెలో ఇంకోసారి మునిగింది, ఈసారి ముద్ద కాస్త పెద్దదిగానే వచ్చింది. దాన్ని ఆ బెజ్జం మీద ఉంచి, అదిమి, మెదిపాడు. మళ్లీ అదిమాడు. పైన కుంకుమ అద్దాడు. చూసేవాళ్లకు బొట్టే. దేవుడికి ఒక బొట్టు ఎక్కువైతే తప్పేముందని తనకు తాను చెప్పుకున్నాడు. కొబ్బరికాయ మాత్రం మొదటి దెబ్బకు పగల్లేదు.

పూజ కాగానే షట్టరు దించేసి అందరూ పాలపిట్టను చూడ్డానికీ జమ్మి తెచ్చుకోవడానికీ వెళ్లిపోయారు.

మర్నాడు కట్టయ్య కొంచెం పెందలాడే వచ్చాడు. ఎందుకో అతనికే తెలుసు. వెనక గదిలో అట్టపెట్టెల మధ్య జయరాజు స్టూలు మీద కూర్చుని, రివాల్వరు ఒళ్లో పెట్టుకుని, గుండుసూదితో ఏదో చేస్తున్నాడు. ముఖం నిండా చెమట.

"అన్నా, తాళం తెర్చుకుంటలేదే. పసుపు గట్టిపడ్డది. పిన్నుతోని గెల్కిన, దాని మొన విరిగి అండ్లనే ఉన్నది. ఇప్పుడు చెవి జొరబడుతలేదు."

కట్టయ్య వంగి చూశాడు. బెజ్జంలో పచ్చటి ముద్ద రాయిలా ఉంది. లోపల్లోపల గంతులు వేయాలనిపించింది, పైకి మాత్రం నాలుక చప్పరించి, "అయ్యో!" అన్నాడు.

"లైసెన్సున్న మెకానిక్ దగ్గరికే తీస్కపోవాలె. హైదరాబాద్ వోవాలె. దీపావళి దంతెరస్ బేరాలు ముంగటున్నయ్, సేటు సెలవియ్యడు. చెప్తె కొలువే పోతదేమో." జయరాజు గొంతు తగ్గించాడు. "నాకు సెలవు దొరికేదాక జర ఎవలకు చెప్పకన్నా. ఏదన్న అయితె ముంగట నువ్వున్నవ్ గదా. నాకు గదే ధైర్యం."

"నేనెందుకు చెప్తనే," అన్నాడు కట్టయ్య.

ఆ తర్వాతి రోజులు కట్టయ్యకు బాగా గడిచాయి. కుర్చీలో కూర్చున్నవాడి దగ్గర ఉన్నది ఇనుప ముక్క, పేలే తుపాకీ మెట్ల మీద ఉంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. మోకాళ్ల నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. నిటారుగా నిలబడ్డాడు. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి జయరాజుకు పచ్చిపులుసు కూడా వంచాడు. అసూయ కడుపు నిండితే అదీ నాలుగు మంచి మాటలు మాట్లాడుతుంది.

ఆ సుఖాన్ని ఫ్లెక్సీ చెడగొట్టింది. దంతెరస్ బేరాలకని సేటు దుకాణం నెత్తిన పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఒక వైపు హారాలు, గాజులు. రెండో వైపు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రివాల్వరు మీద చెయ్యి వేసుకుని జయరాజు. కింద 'మీ బంగారానికి మా కాపలా' అని పెద్ద అక్షరాలు. ఆ ఫ్లెక్సీ సరిగ్గా కట్టయ్య నెత్తి మీదికి వచ్చింది. జయరాజు బూట్లు అతని తలకు మూరెడు ఎత్తులో ఉన్నాయి.

సాయంత్రం కూరగాయలకు వచ్చిన సమ్మమ్మ సంచి పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయింది. "గాయనెవలయ్యా, సినిమా హీరో లెక్కున్నడు!"

"మాతాన పని చేసేటోడే."

"నీ ఫొటో ఏదీ?"

ఆమె మామూలుగానే అడిగింది. కట్టయ్య ఫ్లెక్సీ కింది నుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. ఆమె సందు తిరిగేదాకా చూసి, తుపాకీ భుజం మార్చుకుని, తలుపు తోసుకుని తిన్నగా లోపలికి వెళ్లాడు. జయరాజు అప్పుడే బయట ఎవరి బండికో దారి చూపిస్తున్నాడు. సేటు కౌంటరు అద్దాన్ని రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"సేటూ, ఒక ముచ్చట. జయరాజు రివాల్వరు పేలదు. తాళం వడి చిక్కుకపోయింది. దాన్ని నడుముకు వెట్టుకొని ఉత్తగ కూసుంటాండు. మీకు ఎర్క ఉండాలె గదా అని చెప్తాన."

సేటు చెయ్యి ఆగింది. "ఎప్పటి సంది?"

"దసరా సంది."

అరుస్తాడనుకున్నాడు, జయరాజును పిలుస్తాడనుకున్నాడు. తర్వాత కుర్చీ ఎటు తిరిగినా తనవైపే తిరగాలి. సేటు అవేవీ చేయలేదు. రుమాలు మడత పెడుతూ ఆలోచించాడు.

"దసరా సంది దుకాణంల కాలు వెట్ట సందు లేకుండె. గది పేలదని ఒక్కడన్న గుర్తువట్టిండా?"

"ఎట్ల గుర్తువడ్తరు సేటూ..."

"మరి నీది? నీ తుపాకి ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పేలిందా?"

"దేవుని దయ, గా అవసరం రాలే."

"నేననేది గదే," అన్నాడు సేటు. "ఇన్సూరెన్సోళ్లు గూడ కెమెరాలు ఎన్నున్నయని అడుగుతాండ్రు గని, తుపాకులు ఎన్నని అడుగుతలేరు."

రెండు రోజులకు నిచ్చెన వేసుకుని కెమెరాలవాళ్లు గోడలు కొలిచారు. సేటు కట్టయ్యను లోపలికి పిలిచాడు. కూర్చోమన్నాడు, అదీ ఆ మెత్తటి కుర్చీలోనే. కట్టయ్య కూర్చున్నాడు. ఏసీ గాలి మెడకు తగిలింది.

"ఒకటో తారీకు సంది దుకాణంల తుపాకులొద్దనుకుంటాన," అన్నాడు సేటు. "జయరాజు కోటేసుకొని తలుపు తీస్తడు, వచ్చినోళ్లకు మంచినీళ్లిస్తడు. నువ్వు పెద్దమనిషివి, ఎన్నొద్దులని నిలవడ్తవ్? మోకాళ్ల నొప్పులని నువ్వే అంటివి."

"తలుపు నేను గూడ తీస్త గద సేటూ," అన్నాడు కట్టయ్య. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి నమ్మబుద్ధి కాలేదు.

సేటు అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "నీకు కోటు నప్పదు కట్టయ్యా," అన్నాడు. చిన్నబుచ్చాలని అన్న మాట కాదది. నిజమనిపించిందే అన్నాడు.

ఆదివారం కట్టయ్య ఇంటి ముందు చాప పరిచి, తుపాకీ గొట్టాలు విప్పి, సన్నటి కడ్డీకి నూనె గుడ్డ చుట్టి తోముతున్నాడు. ఇక ఎవరికి చూపించాలో తెలియదు, అయినా తోముతున్నాడు. ప్రార్థన ముగించుకుని తెల్ల చొక్కాతోనే జయరాజు బండి దిగాడు. చాప మీద కూర్చున్నాడు. సమ్మమ్మ ఇచ్చిన చాయ్ అందుకుని, ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగాడు.

"నన్ను మాఫ్ చెయ్యన్నా. నీ కొలువు నా మూలంగనే వోయింది."

కట్టయ్య చేతిలో కడ్డీ ఆగిపోయింది.

"తాళం వడ్డ ముచ్చట సేటుకు ఎట్లనో తెల్సింది. పిన్నుతోని గెల్కంగ శ్రావణి సూసినట్టుంది. ఆ పిల్లే చెప్పింది కావచ్చు. నేను మొదలే చెప్పి సెలవు వెట్టి వోతే గింత గాకపోవు. కట్టయ్యన్నను తీసెయ్యకుండ్రి సేటూ అని మస్తు బతిలాడిన, ఇనలే."

"తాళం వడ్డది నీ మూలంగ గాదు. ఆ బెజ్జంల బొట్టు వెట్టింది నేను," అన్నాడు కట్టయ్య. మాట గరుకుగా వచ్చింది.

జయరాజు నవ్వేశాడు. "నువ్వు గాక ఎవలు వెడ్తరే? ఒక్క మాట చెప్పాల్నా? ఇంతకుముందు పని చేసిన కాడ ఆయుధపూజ నాడు నా దాన్ని పళ్లెంల వెట్టనియ్యలే. నువ్వు కిరస్తానపోనివి, జరగు అన్నరు. నువ్వు తే అన్నవ్. అందరికంటె పెద్ద బొట్టు వెట్టినవ్. ఇంటికి వోయి మా అమ్మకు చెప్తె ఆమె కండ్లనీళ్లు వెట్టుకున్నది. మనల్ని కలుపుకునే మనిషి దొరికిండు బిడ్డా అన్నది. రోజు ప్రార్థనల నీ పేరు గూడ చెప్తది."

కట్టయ్య కడ్డీని మళ్లీ గొట్టంలోకి తోశాడు. ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ పెద్దావిడ ప్రార్థనలో అతని పేరు అలాగే ఉండిపోయేది. కాని రేపు పొద్దున దుకాణంలో శ్రావణి ముఖం చూసినప్పుడల్లా జయరాజు ఆ పిల్లే చెప్పిందనుకుంటాడు.

"శ్రావణి గాదు," అన్నాడు కట్టయ్య గొట్టంలోకి చూస్తూ. "సేటుకు చెప్పింది నేను. బొట్టు గూడ కావాల్ననే అదిమిన. నీ కుర్చీ మీద కుళ్లుతోని."

జయరాజు గ్లాసు నోటిదాకా తీసుకెళ్లినవాడు అక్కడే ఆపాడు. తిడితే బాగుండునని కట్టయ్యకు అనిపించింది. రెండు దెబ్బలు కొట్టినా బాగుండును. జయరాజు మిగిలిన చాయ్ మెల్లగా, పూర్తిగా తాగాడు. గ్లాసు చాప మీద కాకుండా అరుగు మీద పెట్టి లేచాడు.

"ఇది మాత్రం మా అమ్మకు చెప్పనన్నా," అన్నాడు.

బండి చప్పుడు విని సమ్మమ్మ బయటికి వచ్చింది. అరుగు మీది ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "అప్పుడే వోయిండా? ఎంత మంచి పిలగాడయ్యా!" అంది.

అవునని ఒక్క మాట అంటే ఏమీ పోయేది కాదు. కట్టయ్య కడ్డీకి కొత్త గుడ్డ చుట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆ మాట నోటికి రాలేదు, ఓర్వలేకపోయాడు.